1914 నాటి భారత సైన్యం ఒక చెక్క బల్ల మీద: పర్లాకిమిడి ప్రాజెక్టు డైరీ

జ్యేష్ఠం

పర్లాకిమిడిలో మేము సాయంత్రాలు చేరే తెలుగు పఠన మందిరంలో ఒక గోడ చాలాకాలంగా ఖాళీగా ఉంది. 1914 జూలైలో, అంటే మొదటి ప్రపంచ యుద్ధం భారతదేశాన్ని తాకడానికి సరిగ్గా ముందు, బ్రిటిషు వారి భారత సైన్యంలో ఎవరి కింద ఎవరు ఉండేవారో, పైనుంచి వచ్చిన మాట అట్టడుగు సిపాయి దాకా ఏ దారిన చేరేదో చూపే బల్ల ఒకటి చేసి ఆ గోడకు తగిలించాలని పూనుకున్నాను. ఇలాంటి పటాలు పుస్తకాల్లో లేకపోలేదు. కాని అచ్చులో గీసిన గీత కదలదు. యుద్ధం రాగానే ఒక డివిజనును, అంటే అనేక పటాలాలు కలిసిన పెద్ద దళాన్ని, దాని చోటునుంచి పెరికి ఓడ ఎక్కిస్తే వెనక ఏం మిగిలిందో, ఏ దారం తెగిందో ఆ పటాలు చెప్పలేవు. అందుకే ముక్కలు ఊడదీయడానికి, మళ్ళీ తగిలించడానికి వీలుండేలా చేయాలన్నది మొదటినుంచీ నా నియమం.

ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల ప్లైవుడ్ షీటు కొన్నాను. రథయాత్ర పనుల వల్ల ఊళ్ళో వడ్రంగులెవరూ తీరికగా లేరు కనుక, టేకు ముక్కలు కోసే పని వాయిదా వేసి, ముందు కొలతలు తేల్చుకున్నాను. ఒక చెక్క ముక్క అంటే ఒక పదాతి పటాలం (బెటాలియన్), లేదా ఒక అశ్విక రెజిమెంటు. బ్రిటిషు పటాలాలకు ముక్క కొసన ఎర్ర రంగు, భారతీయ పటాలాలకు టేకు రంగే. 1914లో భారత సైన్యానికి 130కి పైగా పదాతి పటాలాలు, 39 అశ్విక రెజిమెంట్లు ఉండేవి. వాటికి తోడు ఇంగ్లండు నుంచి వచ్చి ఇక్కడ కాపలా ఉన్న బ్రిటిషు పదాతి పటాలాలు 52. ఈ రెండో రకాన్ని బల్ల మీదికి ఎక్కించకపోతే మిగతాదేదీ అర్థం కాదు. ఎందుకంటే 1857 తర్వాత, 1859లో సైన్యాన్ని తిరిగి కూర్చడం మీద బ్రిటిషు ప్రభుత్వం వేసిన పీల్ కమిషన్ చెప్పినప్పటినుంచి, తెల్ల సిపాయికి నల్ల సిపాయి ఎంతమంది అనే నిష్పత్తి మీదే సైన్యం నిర్మాణమంతా నిలబడింది. బంగాళంలో ఒకరికి ఇద్దరు, మద్రాసు, బొంబాయిలలో ఒకరికి ముగ్గురు అని ఆ కమిషన్ లెక్క కట్టింది.

ఆషాఢం

రథాలు కదిలాయి, వడ్రంగి మేస్త్రి దొరికాడు. ముక్కలు కోసి, చిత్రిక పట్టి ఇచ్చాడు. వాటి మీద అంకెలు వేయడం నా పని. ఈ అంకెల్లోనే ఒక చరిత్ర ఉంది కాబట్టి ఇక్కడ కొంచెం నిలవాలి.

కంపెనీ కాలంనుంచి బంగాళం, మద్రాసు, బొంబాయి అని మూడు వేర్వేరు సైన్యాలు, మూడింటికీ వేర్వేరు సేనాధిపతులు ఉండేవారు. 1895లో ఆ మూడు ప్రెసిడెన్సీ సైన్యాలను రద్దు చేసి పంజాబు, బంగాళం, మద్రాసు, బొంబాయి అని నాలుగు కమాండ్లుగా మార్చారు. 1902లో సర్వసేనానిగా వచ్చిన కిచెనర్ 1903లో గూర్ఖాలవి తప్ప మిగతా పదాతి పటాలాలకు ఒకే వరుసలో కొత్త అంకెలు వేయించాడు. బంగాళపు పదాతికి 48 దాకా, పంజాబు సరిహద్దు దళానికి 51 నుంచి 59 దాకా, మద్రాసుకు 61 నుంచి 93 దాకా, నిజాం రాజ్యంలోని హైదరాబాదు కాంటింజెంటు నుంచి వచ్చిన ఆరు పటాలాలకు 94 నుంచి 99 దాకా, బొంబాయికి 101 నుంచి 130 దాకా అంకెలు దక్కాయి. మద్రాసు పటాలాల పాత అంకెకు 60 కలిపితే కొత్త అంకె వస్తుంది. దారులు వేసే పని కూడా చేసే మద్రాసు ఒకటో పయొనీరు పటాలం 61 అయింది, మూడో పటాలమైన పాలంకోట దళం 63 అయింది. వరుసలో కొన్ని అంకెలను ఖాళీగా వదిలారు. 49, 50, 60, 100 అంకెలతో పటాలాలు లేవు. బల్ల మీద ఆ చోట్ల మేకు మాత్రం కొట్టి ముక్క లేకుండా ఉంచాను. చూసేవాళ్ళు ఏదో ఊడిపోయిందనుకుంటారని మేస్త్రి అన్నాడు గాని, ఆ ఖాళీలు కూడా నాటి నిర్మాణంలో భాగమే.

మద్రాసు వరుసను రాస్తున్నప్పుడు చేయి కాస్త ఆగింది. 62, 66, 67, 69, 72, 74, 76, 82, 84, 87, 89 అంకెల పక్కన నేను రాయవలసి వచ్చిన పేరు ‘పంజాబీలు’. అంకె మద్రాసుది, వంశపరంపర మద్రాసుది, సిపాయిలు మాత్రం పంజాబు వాళ్ళు. బ్రిటిషు జనరల్ రాబర్ట్స్ 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా ఉండి, దక్షిణాది వాడు యుద్ధానికి పనికిరాడన్న అభిప్రాయాన్ని గట్టిపరుచుకుని వెళ్ళాడు. ఆ తర్వాత ఆయనే సర్వసేనాని అయ్యాడు. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాలనుంచి వందల సంఖ్యలో సిపాయిలను చేర్చుకున్న సైన్యంలో తెలుగు వారి భర్తీ ఆ దశాబ్దాల్లో బాగా తగ్గిపోయింది. ఇక్కడికి దగ్గరలో ఉన్న విజయనగరంలో కంటోన్మెంట్ అనే పేట ఇప్పటికీ ఉంది. దండు మాత్రం వెళ్ళిపోయింది. 63వ పాలంకోట దళం, పయొనీరు పటాలాలు, కర్ణాటక పదాతి అన్న పేరుతో 73, 75, 79, 80, 86, 88, వాటికి తోడు 83 వంటి కొన్ని పటాలాలు మాత్రమే దక్షిణాది వారితో మిగిలాయి. వీటిలో 83వది వాలాజాబాదు దళం అన్న పాత పేరునే నిలుపుకుంది. ఆ ముక్కలకు అడుగున సన్నని పసుపు గీత గీశాను.

శ్రావణం, మొదటి పక్షం

డివిజన్లను బల్ల మీద ఏ క్రమంలో పెట్టాలన్నది చాలాసేపు ఆలోచించాను. అంకెల క్రమంలో పెడితే చూడ్డానికి బాగుంటుంది గాని, కిచెనర్ ఉద్దేశం కనిపించదు. ఆయన కళ్ళన్నీ వాయవ్య సరిహద్దు మీద, దానికి అవతల అఫ్ఘనిస్తాను మీద, ఇంకా అవతల రష్యా మీద ఉండేవి. పాత సైన్యం ఊరూరా చిన్న చిన్న దండులుగా, లోపలి తిరుగుబాట్లను అణచడానికి చెదిరి ఉండేది. దాన్ని ఆయన తొమ్మిది డివిజన్లుగా కూర్చి, సరిహద్దుకు పోయే రెండు రైలు మార్గాల వెంట నిలబెట్టాడు. ఒకటి లక్నో నుంచి పెషావరుకు, రెండోది బొంబాయి వైపునుంచి క్వెట్టాకు. కాబట్టి రెండు రైలు పట్టాలను బల్ల మీద గీసి వాటి వెంటే డివిజన్లను పేర్చాను.

పై వరుసలో ఉత్తర సైన్యం: పెషావరు 1, రావల్పిండి 2, లాహోరు 3, మీరట్ 7, లక్నో 8. వీటికి తోడు కోహాట్, బన్ను, డేరాజాత్ అనే సరిహద్దు బ్రిగేడ్లు. కింది వరుసలో దక్షిణ సైన్యం: క్వెట్టా 4, మౌ 5, పుణె 6, సికింద్రాబాదు 9, అంకె లేని బర్మా డివిజను, సముద్రం అవతల ఏడెన్ బ్రిగేడు. మన గంజాం అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది కనుక, ఈ ప్రాంతపు దండు వ్యవహారాలన్నీ సికింద్రాబాదు డివిజను కిందికి వస్తాయి. ఊళ్ళో పిల్లలు వేలితో వెతికేది ముందు దాన్నే అని తెలుసు గనుక, ఆ ముక్కను కంటికి ఆనే ఎత్తులో పెట్టాను.

యుద్ధానికి పోయే డివిజనులో మూడు బ్రిగేడ్లు, బ్రిగేడుకు నాలుగు పటాలాలు. ఆ నాలుగింటిలో ఒకటి బ్రిటిషుది, మూడు భారతీయులవి. మూడు టేకు ముక్కల పక్కన ఒక ఎర్ర కొస ప్రతిచోటా వస్తుంటే, 1857 నాటి భయం బల్లంతా చుక్కలు పెట్టినట్టు కనబడుతోంది. ఫిరంగి దళం విషయంలో ఆ భయం ఇంకా గట్టిది. కొండ ఫిరంగుల బ్యాటరీలు తప్ప మిగతా ఫిరంగులేవీ భారతీయుల చేతికి ఇవ్వలేదు. కాబట్టి ఆ పెట్టె దాదాపు మొత్తం ఎర్రగానే ఉంది.

శ్రావణం, రెండో పక్షం

బల్ల కుడి మూలలో ఒక్క పటాలాన్ని పెద్దది చేసి చూపే భాగం చేశాను. దీనికి ఊళ్ళో కొమ్ముపని చేసేవారి దగ్గర దువ్వెనలు, కొంగ బొమ్మలు చేయగా మిగిలిన కొమ్ము ముక్కలు తెచ్చుకున్నాను. నల్లగా నునుపు తేరిన కొమ్ము ముక్కలు భారతీయ అధికారులకు, ఇత్తడి గుండు సూదులు బ్రిటిషు అధికారులకు.

భారతీయ పదాతి పటాలంలో దాదాపు 750 మంది ఉండేవారు. ఎనిమిది కంపెనీలు, రెండేసి కంపెనీలు కలిపి ఒక జంట కంపెనీ. జంట కంపెనీకి ఒక బ్రిటిషు అధికారి, ఒక్కొక్క కంపెనీకి ఒక సుబేదారు, ఒక జమేదారు అనే భారతీయ అధికారులు. సుబేదార్లందరిలో పెద్ద సుబేదారు మేజరు, ఆయన పటాలం కమాండరుకు కుడిచేయి. సిపాయిల ఇళ్ళ తగాదాలు, సెలవులు, పండగలు, కులాచారాలు అన్నీ ఆయన చెవిలో పడకుండా కమాండరు దాకా పోవు. అయినా ఇరవై ఏళ్ళ సర్వీసు ఉన్న సుబేదారు మేజరు కూడా నిన్న ఓడ దిగిన ఆంగ్ల కుర్ర అధికారికి సలాము కొట్టవలసిందే. సుబేదార్లకు ఇచ్చేది వైస్రాయి కమిషన్ (అధికారిగా నియమించే పత్రం), తెల్లవాళ్ళది రాజు కమిషన్. పోరాడే దళాల్లో భారతీయుడికి రాజు కమిషన్ తలుపు 1917లో గాని తెరుచుకోలేదు. వైద్య శాఖలో మాత్రం అంతకు ముందే భారతీయ అధికారులు ఉన్నారు. కాని అది వేరే దారి.

ఇత్తడి సూదులు గుచ్చుతుంటే అవి ఎంత తక్కువో చేతికే తెలిసింది. పటాలం మొత్తానికి పన్నెండో పదమూడో. ఇంత పెద్ద దళానికి ఇంత సన్నని పైవరుస చాలుననుకోవడం శాంతి కాలపు లెక్క. యుద్ధంలో ఆ సూదులు ఊడిపోతే వాటి స్థానంలో పెట్టడానికి భారత సైన్యానికున్న రిజర్వు అధికారులు, 1914లో, సుమారు నలభై మంది. కొత్తగా వచ్చే వాళ్ళకు సిపాయిల భాష రాదు. పటాలంలో పస్తూ, పంజాబీ, గూర్ఖాలీ, హిందుస్తానీ, ఏది నడిస్తే అది నేర్చుకున్న అధికారే సిపాయికి అధికారి. నిర్మాణం ఇక్కడే సన్నబడిందని నా అభిప్రాయం. అందుకే ఆ భాగాన్ని ఇతరచోట్లకన్నా పెద్దదిగా చేశాను.

అశ్విక దళం సంగతి క్లుప్తంగా: చాలా రెజిమెంట్లు సిలాదారీ పద్ధతిలో నడిచేవి. సవారు తన గుర్రాన్ని, సామానును తన ఖర్చుతో తెచ్చుకోవాలి. దాన్ని ఒక చిన్న చీటీ మీద రాసి అతికించాను.

భాద్రపదం

ఇక దారాలు. బరంపురం దేవాంగుల మగ్గాల దగ్గర మిగిలిన ఎర్ర పట్టు దారం కండెలుగా తెప్పించాను. ఆజ్ఞ పోయే దారికి ఎరుపు. సర్వసేనాని మేకునుంచి రెండు దారాలు బయలుదేరి ఒకటి ఉత్తర సైన్యానికి, ఒకటి దక్షిణ సైన్యానికి చేరతాయి. అక్కడినుంచి డివిజన్లకు, డివిజన్లనుంచి బ్రిగేడ్లకు. 1914 జూలైలో సర్వసేనాని బోషాం డఫ్, ఆ మార్చిలోనే పదవికి వచ్చాడు. ఉత్తర సైన్యానికి జేమ్స్ విల్‌కాక్స్, దక్షిణ సైన్యానికి జాన్ నిక్సన్. ఎర్ర దారాలన్నీ బిగించాక బల్ల చక్కని కుటుంబ వృక్షంలా కనిపించింది.

అప్పుడే మా వీధిలో ఉండే హవల్దారు తాతగారు చూడ్డానికి వచ్చారు. ఆయన సైన్యంలో సరఫరా విభాగంలో చేసి రిటైరైన మనిషి. కళ్ళజోడు సవరించుకుని బల్లంతా చూసి, “బాగుంది బాబూ, ఈ దారం పట్టుకుని పోతే హుకుం వస్తుంది. బియ్యం, జోళ్ళు, మందులు ఏ దారాన వస్తాయి?” అన్నారు. “అదే ఇప్పుడు కడతాను తాతగారూ, కూర్చోండి,” అన్నాను.

ఆ రెండో దారానికి దర్జీ దగ్గర నల్ల నూలు రీలు కొన్నాను. ఈ దారాలు కట్టాక బల్ల రూపమే మారిపోయింది. ఉత్తర, దక్షిణ సైన్యాల కమాండర్లకు ఉన్నది పర్యవేక్షణ, శిక్షణ, తనిఖీ మాత్రమే. జీతభత్యాలు, ఆయుధాలు, దుస్తులు, రవాణా, ఆసుపత్రులు, కట్టడాలు, వీటికి సంబంధించిన పాలనా యంత్రాంగం వాళ్ళ కింద లేదు. డివిజను కమాండర్లు ఆ విషయాలన్నీ నేరుగా సిమ్లాలోని సైన్య ప్రధాన కార్యాలయానికే రాయాలి. కాబట్టి నల్ల దారాలు రెండు సైన్యాల మేకులనూ తాకకుండా, పక్కనుంచి, పెషావరు నుంచి రంగూను దాకా ప్రతి డివిజనునుంచి, విడి బ్రిగేడ్లనుంచి కూడా, ఒకే మేకు దగ్గరికి వచ్చి పడ్డాయి. మేకు చుట్టూ అంత దారం చేరేసరికి ఎర్ర దారాలు కనిపించకుండా పోయాయి. సిమ్లా మేకు తీసి పొడుగాటిది కొట్టవలసి వచ్చింది.

ఈ ముడి ఎలా పడిందో చెప్పకుండా దారం కడితే సగం పని చేసినట్టే. 1905కు ముందు వైస్రాయి కౌన్సిలులో సైనిక వ్యవహారాలకు ఒక సభ్యుడు ఉండేవాడు. ఆయన కూడా సైనికుడే, హోదాలో సర్వసేనానికంటే చిన్నవాడు. కాని సరఫరా, రవాణా, ఖర్చు అన్నీ ఆయన శాఖలోనే. సర్వసేనాని రాసి పంపిన ప్రతిపాదన ఆ చిన్నవాడి బల్ల మీద ఆగి, ఆయన వ్యాఖ్యతో వైస్రాయి దగ్గరికి పోయేది. కిచెనర్‌కు ఇది గిట్టలేదు. ఒక పనికి ఇద్దరు యజమానులుంటే యుద్ధంలో కాలయాపన తప్ప మరొకటి ఉండదన్నాడు. వైస్రాయి కర్జన్ వాదన వేరు. సర్వసేనాని ఒక్కడి మాటే వినవలసి వస్తే, ఆ మాట సరైనదో కాదో చెప్పేవాడు ప్రభుత్వానికి మరొకడు ఉండడని ఆయన భయం. లండన్‌లో భారత వ్యవహారాలు చూసే బ్రిటిషు మంత్రి (భారత మంత్రి) బ్రాడ్రిక్ కిచెనర్ వైపు మొగ్గి, సైనిక సభ్యుడి అధికారాలు కత్తిరించి సరఫరా సభ్యుడిగా మార్చాడు. ఆ స్థానానికి కర్జన్ సూచించిన ఎడ్మండ్ బారోను ఒప్పుకోలేదు. 1905 ఆగస్టులో కర్జన్ రాజీనామా చేశాడు. ఆ సరఫరా శాఖను కూడా 1909లో ఎత్తివేశారు. అప్పటినుంచి సర్వసేనానే కౌన్సిలులో సైన్య సభ్యుడు. సేనాధిపతిగా తాను పంపిన కాగితాన్ని సభ్యుడిగా తానే అందుకుని పరిశీలించాలి.

ఇద్దరిలో ఎవరిది న్యాయమని పఠన మందిరంలో వాదన జరిగింది. కిచెనర్ చెప్పిన జాగు నిజమే. చెదిరిన దండులను డివిజన్లుగా కూర్చి శిక్షణ ఇచ్చింది ఆయనే. 1905లో దేవ్‌లాలీలో స్టాఫ్ కాలేజీ పెట్టించి 1907లో క్వెట్టాకు మార్పించిందీ ఆయనే. అయితే రెండు ముళ్ళను విప్పుతానని ఒక పెద్ద ముడి వేసి, ఆ ముడిని మోయగల తన వంటి మనిషి ఎప్పుడూ అక్కడ ఉంటాడనుకుని 1909లో వెళ్ళిపోయాడు. కర్జన్ అహంకారి అని అందరూ అంటారు. ఈ ఒక్క విషయంలో ఆయన ముందే చూశాడనిపిస్తుంది. హవల్దారు తాతగారు మాత్రం ఇద్దరి పక్షమూ పట్టకుండా, నల్ల దారాల్లో కంచర గాడిదల రవాణా దారి ఏదో విడిగా చూపించమని పట్టుబట్టారు. దానికి బూడిద రంగు వాడాను.

ఆశ్వయుజం

దసరా సెలవుల్లో బల్లను పరీక్షకు పెట్టాం. 1914 ఆగస్టులో ఫ్రాన్సుకు పంపమన్న రెండు డివిజన్లు, లాహోరు, మీరట్, వాటి ముక్కలను ఊడదీశాం. మొదట కనిపించినది ఇది: ఆ డివిజను కమాండరు శాంతి కాలంలో ఒక ప్రాంతానికి కూడా అధికారి. ఆయన వెళ్ళిపోతే ఆ ప్రాంతపు కాపలా, డిపోలు, భర్తీ చూసేవాడు వేరే కావాలి. ఖాళీ మేకుల దగ్గర నల్ల దారాలు అలాగే వేలాడుతున్నాయి. రెండోది, రెండు డివిజన్లను కలిపి నడిపే కోర్ కార్యాలయం శాంతి కాలపు బల్ల మీద ఎక్కడా లేదు. ఉత్తర సైన్యం పేరుకు సైన్యమే గాని యుద్ధభూమికి కదిలే ముఖ్య కార్యాలయం కాదు. అందుకే విల్‌కాక్స్‌ను అక్కడినుంచి తీసి, కొత్తగా కూర్చిన ఇండియన్ కోర్‌కు అధిపతిని చేశారు. బల్ల మీద కొత్త మేకు కొట్టాం. లాహోరు డివిజనులోని సర్హింద్ బ్రిగేడును దారిలో ఈజిప్టులో ఆపేశారు కనుక ఆ నాలుగు ముక్కలను మధ్యలో ఒక కొక్కేనికి తగిలించాం.

తర్వాత సికింద్రాబాదు వంతు. బెంగళూరు బ్రిగేడును తూర్పు ఆఫ్రికాకు పంపితే 63వ పాలంకోట దళం దానితో పోయింది. పసుపు గీత ఉన్న ముక్క అది. 1914 నవంబరులో టాంగా దగ్గర ఓడిపోయి వెనుదిరిగిన బలగంలో ఆ బ్రిగేడు ఉంది. పుణె డివిజనునుంచి మొదట ఒక్క బ్రిగేడు పర్షియన్ గల్ఫుకు వెళ్ళింది, తక్కినవి వెనక చేరాయి. ఒక డివిజను మొత్తం ఒకేసారి కదలడమన్నది చాలా అరుదని ముక్కలు తీస్తున్న పిల్లలకే అర్థమైంది.

కార్తీకం

మెసొపొటేమియాలో (నేటి ఇరాక్‌లో) 1916 నాటికి క్షతగాత్రుల రవాణా, మందులు, పడవలు అందక జరిగిన నాశనం మీద వేసిన కమిషన్ 1917లో నివేదిక ఇచ్చింది. సర్వసేనాని పని, సైన్య సభ్యుడి పని రెండూ యుద్ధకాలంలో ఒకే మనిషి చేయలేడని అది తేల్చింది. భారత మంత్రి ఆస్టెన్ చేంబర్లెన్ రాజీనామా చేశాడు. ఈ సంగతిని బల్ల పక్కన ఒక చీటీ మీద రాశాను, కాని బల్ల తేదీ 1914 జూలై గనుక బల్ల మీద రాయలేదు.

మిగిలిన పని లండన్ పట్టీ. ఫ్రాన్సుకు వెళ్ళిన దళాలకు ఆజ్ఞలు ఇక సిమ్లానుంచి రావు. ఎర్ర దారం బల్ల అంచు దాటి లండన్‌లో బ్రిటిషు సైన్యాన్ని నడిపే వార్ ఆఫీసుకు పోవాలి. సిపాయిల భర్తీ మాత్రం భారతదేశంలోనే. మేస్త్రి పై అంచున నాలుగంగుళాల టేకు పట్టీ బిగించి, దాని మీద వార్ ఆఫీసుకు ఒకటి, భారత మంత్రి కార్యాలయానికి ఒకటి మేకులు కొట్టి ఇచ్చాడు. ఫ్రాన్సు దళాల ఎర్ర దారం వార్ ఆఫీసు మేకుకు కట్టేశాను. మెసొపొటేమియా దళం 1916 ఫిబ్రవరి దాకా సిమ్లా చేతిలోనే ఉంది. ఆ దారాన్ని ముడి వేయకుండా కొసన చిన్న ఇత్తడి కొక్కెం కట్టి వదిలాను. చూడవచ్చిన వారు ఏ సంవత్సరం గురించి మాట్లాడుతుంటే దానికి తగ్గట్టు సిమ్లా మేకునుంచి తీసి వార్ ఆఫీసు మేకుకు తామే తగిలించుకోవచ్చు.